అయిదేళ్ల పిల్లకు థీమ్ పార్కులో స్ట్రోలర్ కావాలా?

“నడిచే పిల్లకి ఇంకా బండేంటి?” రామోజీ ఫిల్మ్ సిటీకో, వండర్‌లాకో, అమెరికాలో ఉన్న బంధువుల దగ్గరికి వెళ్లినప్పుడు డిస్నీ వరల్డ్‌కో బయల్దేరే బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఈ మాట తప్పకుండా వస్తుంది. అనేది ఎక్కువగా అమ్మమ్మలు, తాతయ్యలు. వాళ్లన్నదీ నిజమే, ఆ పిల్ల బ్రహ్మాండంగా నడుస్తుంది. బీసెంట్ రోడ్డులో రెండు గంటలు బట్టలు కొంటే అమ్మ చేయి పట్టుకుని తిరుగుతుంది, ఇంటికొచ్చాక సోఫా మీద గంతులు కూడా వేస్తుంది. అయితే థీమ్ పార్కుకు ఆ లెక్క సరిపోదు. అక్కడ చూసుకోవాల్సింది ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎండలో, ఎన్ని గంటలు, మధ్యాహ్నం నిద్ర ఉందా లేదా అన్నవి. ఈ నాలుగూ చూసుకుంటే నాలుగు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో చాలామందికి స్ట్రోలర్, అంటే పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి, దగ్గర ఉండటమే మంచిదని తేలుతుంది. ఉండాలంటే రోజంతా అందులోనే కూర్చోబెట్టాలని మాత్రం అర్థం చేసుకోకండి.

ముందు అడుగుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం నాలుగేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు 103 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ ఎత్తు పిల్ల ఒక్కో అడుగుకు దాదాపు 43 సెంటీమీటర్లు ముందుకెళ్తుంది. అయిదున్నర అడుగుల తండ్రి అడుగు 70 సెంటీమీటర్లు. పెద్ద పార్కులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిరిగితే ఎనిమిది కిలోమీటర్లు తేలిగ్గా అవుతాయి. అంటే ప్రకాశం బ్యారేజీని ఆ చివర నుంచి ఈ చివరకు ఆరున్నర సార్లు దాటినట్టు. దానికి తండ్రి వేసే అడుగులు 11,500 దాకా ఉంటే, పిల్ల వేసేవి 18,500 పైనే. అదీ పెద్దల వేగాన్ని అందుకోవడానికి సగం దూరం పరుగెడుతూ.

నడక కంటే నిలబడటం ఇంకా కష్టం. చిన్నపిల్లలు ఉన్నచోట ఉండరు. పరుగెడతారు, చతికిలబడతారు, మళ్లీ లేస్తారు. అలసటను వాళ్లు తీర్చుకునే తీరే అది. ముప్ఫయ్ నిమిషాల క్యూలో ఆ వీలుండదు. కటకటాల మధ్య, పెద్దవాళ్ల నడుముల మధ్య, గాలి తగలని చోట నిలబడాలి. పైగా పిల్లల్లో అలసట మెల్లగా బయటపడదు. పది నిమిషాల ముందు దాకా గెంతుతున్న పిల్ల ఉన్నట్టుండి నేల మీద కూలబడి ఏడుస్తుంది. పెద్దవాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు. చాలాసార్లు అది దాహం, నిద్ర, కాళ్లనొప్పి మూడూ కలిసి ఒక్కసారి మీదపడటమే.

నిద్ర విషయం మనవాళ్లు అసలు లెక్కలోకి తీసుకోరు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. విజయవాడ నుంచి రామోజీ ఫిల్మ్ సిటీ గేటు తెరిచే వేళకు చేరాలంటే తెల్లవారుజామున నాలుగింటికే కారెక్కాలి. ముందు రాత్రి ప్రయాణం హడావుడిలో పిల్లలు పదింటికి కూడా పడుకోరు. అంటే కార్లో కాస్త కునుకు తీసినా గేటు దగ్గరికి వచ్చేసరికే రెండు మూడు గంటల నిద్ర బాకీ. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ బాకీ తీర్చే చోటు లేకపోతే సాయంత్రం షోల టైముకు పిల్లా ఉండదు, మీరూ ఉండరు.

స్ట్రోలర్ వద్దనుకున్న ఇళ్లలో జరిగేది ఏమిటో కూడా చూడాలి. పిల్ల నడవదు, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. నాలుగేళ్లకు మధ్యస్థ బరువు 16 కిలోల పైన, అయిదేళ్లకు 18 కిలోల పైన. చంకన ఎత్తుకుంటే ఆ బరువంతా ఒక పక్కకే పడి నడుం వంగుతుంది. భుజాల మీద కూర్చోబెట్టుకుంటే పిల్ల తల నేల నుంచి ఆరడుగుల ఎత్తున ఉంటుంది, తండ్రి కాలు తడబడితే దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్పక్కర్లేదు. నాన్న చేతులు నొప్పెడితే తాతయ్య అందుకుంటారు. అరవై అయిదేళ్ల మనిషి 16 కిలోలతో ఎండలో అరకిలోమీటరు నడవడం ఎవరికీ వింతగా కనిపించదు, అదే పిల్లను బండిలో కూర్చోబెడితే మాత్రం నలుగురూ చూస్తారు. ఈ మొహమాటం ఒక్కటి పక్కన పెడితే సగం చర్చ తేలిపోతుంది.

ఎదుటి వాదనలోనూ బలం ఉంది. అలవాటు చేస్తే నడవడం మానేస్తారన్న భయం ఉత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి, అందులో 60 నిమిషాలైనా కాస్త ఆయాసం వచ్చేలా ఆడాలి. అయిదేళ్లు దాటాక ఆ ఆయాసం వచ్చే ఆట రోజుకు సగటున 60 నిమిషాలకు తగ్గకూడదు. అదే సంస్థ అయిదేళ్ల లోపు పిల్లల్ని స్ట్రోలర్‌లో గానీ, కుర్చీలో గానీ ఒకేసారి గంటకు మించి కట్టి కూర్చోబెట్టొద్దని కూడా అంది. కాబట్టి బజారుకు, గుడికి, అపార్ట్‌మెంట్ కింద పార్కుకు అయిదేళ్ల పిల్లను బండిలో తీసుకెళ్లడం తప్పే. అల్లరి చేయకుండా ఉంటుందని, ఫోన్ చేతికిచ్చి అందులో కట్టి కూర్చోబెట్టడం ఇంకా తప్పు. థీమ్ పార్కులో పరిస్థితి తలకిందులు. ఎనిమిది కిలోమీటర్లలో మూడు బండిలో గడిచినా, మిగతా అయిదు నడిస్తే ఆ పిల్ల మామూలు రోజుకంటే ఎంతో ఎక్కువ నడిచినట్టే.

వయసు ఎంతైతే ఏం చేయాలన్నది మోటుగా చెప్పుకోవచ్చు. నాలుగేళ్ల లోపు అయితే ఆలోచించకుండా తీసుకెళ్లండి. నాలుగు నుంచి ఆరు మధ్య, పార్కు పెద్దదైనా, వేసవి అయినా, వరుసగా రెండు మూడు రోజులు తిరిగేదైనా ఉండాలి. శీతాకాలంలో సగం రోజు తిరిగి వచ్చేదైతే అక్కర్లేదు. ఆరు నుంచి ఏడున్నర దాకా పిల్ల తీరును బట్టి. ఎనిమిదేళ్లు దాటి ఆరోగ్యంగా ఉన్న పిల్లకు బండికంటే గంటకోసారి నీడలో కూర్చునే పదిహేను నిమిషాలు ఎక్కువ పనికొస్తాయి. మీ పిల్ల ఎటువైపో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ప్రయాణానికి మూడు వారాల ముందు ఒక ఆదివారం సాయంత్రం ఎత్తుకోకుండా మూడు కిలోమీటర్లు నడిపించండి, మధ్యలో ఇరవై నిమిషాలు ఒకచోట నిలబెట్టండి. ఇంటికొచ్చి మళ్లీ ఆటకు వెళ్తానంటే ధీమాగా ఉండొచ్చు. రెండో కిలోమీటరులోనే చేతులు చాస్తే బండి ఖాయం. ఈ మూడు వారాలూ రోజూ కొంచెం కొంచెంగా దూరం పెంచితే పార్కులో ఆ తేడా కనిపిస్తుంది. కొత్త బూట్లు కొంటే అవి కూడా ఈ నడకల్లోనే అలవాటు చేయాలి. పార్కు రోజున మొదటిసారి వేస్తే మడమ మీద బొబ్బ వస్తుంది, అప్పుడు ఎంత గట్టి పిల్లయినా నడవలేదు.

ఇంట్లో ఉన్న పాత బండి సరిపోతుందా?

ఎక్కువ ఇబ్బందులు వచ్చేది ఇక్కడే. తమ్ముడి కోసం కొన్నదో, అక్క వాళ్లు ఇచ్చిందో అటక మీంచి దించి పెద్దపిల్లను అందులో కూర్చోబెడతారు. సీటు కింద గానీ, వెనక ఫ్రేము మీద గానీ చిన్న స్టిక్కరు ఉంటుంది, ఎంత బరువు వరకో దాని మీద రాసి ఉంటుంది. మన దగ్గర అమ్మే చాలా బళ్లకు ఆ పరిమితి 15 కిలోలు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888 కూడా 15 కిలోల వరకు ఒక భాగంగా, 15 నుంచి 22 కిలోల వరకు ఇంకో భాగంగా ఉంది. నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది 15 కిలోలు ఎప్పుడో దాటేసి ఉంటారు. కాబట్టి మీ పిల్లకు కావాల్సింది 22 కిలోల వరకు మోసే బండి. కొనేటప్పుడు పెట్టె మీద ‘3 ఏళ్ల వరకు’ అని ఉందో, ‘22 కిలోల వరకు’ అని ఉందో చూడండి.

బరువు మించితే బండి ఆ క్షణాన ముక్కలైపోదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. మొదట ముందు చక్రాలు వణుకుతాయి. తర్వాత మడత పడేచోట జాయింటు వదులై, లాక్ సగమే పడుతుంది. పైకి గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఫుట్‌పాత్ అంచు తగిలిన కుదుపుకు ఆ లాక్ జారి బండి లోపలికి మడుచుకుంటుంది. పిల్ల వేళ్లు ఆ జాయింటు మీదే ఉంటే తెగేంత గాయం అవుతుంది. విప్పిన ప్రతిసారీ లాక్ ‘టక్’మని పడిందా అని వినండి, పిల్లను కూర్చోబెట్టే ముందు హ్యాండిల్‌ను ఒకసారి కిందికి నొక్కి చూడండి. బ్రేకును చదునైన నేల మీద కాకుండా అపార్ట్‌మెంట్ సెల్లారు ర్యాంపు మీద, పిల్ల కూర్చుని ఉండగా, చేయి దగ్గరే పెట్టుకుని పరీక్షించాలి.

కూర్చోబెట్టాక చూడాల్సినవి: తల వెనక గుడ్డ అంచును దాటి పైకి పోకూడదు, పోతే నిద్రలో మెడ వెనక్కి వాలిపోతుంది. పాదాలు ఫుట్‌రెస్ట్ మీద ఆనాలి. నేలను తాకుతుంటే మీరు తోస్తున్నప్పుడు చెప్పు ముందు చక్రం కిందకి వెళ్లి చీలమండ మెలిపడుతుంది.  బెల్టు నడుముకు, కాళ్ల మధ్యకు తప్పకుండా ఉండాలి. “పెద్దదే కదా, ఏమీ కాదులే” అని వదిలేస్తే పిల్ల ఏదో చూపించడానికి ఫుట్‌రెస్ట్ మీద లేచి నిలబడుతుంది. 18 కిలోలు ఒక్కసారిగా ముందు చక్రాల అవతలికి వెళ్తాయి, బండి మూతి నేలకు కొడుతుంది.

వెనక్కి పడటం దీనికి ఉల్టా. హ్యాండిల్‌కు నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా, తడిబట్టల సంచి తగిలిస్తాం. పిల్ల కూర్చుని ఉన్నంతసేపు బండి నిలకడగానే ఉంటుంది. పిల్ల దిగిన మరుక్షణం ఆరు కిలోల ఖాళీ బండిని అయిదు కిలోల సంచి వెనక్కి లాగేస్తుంది. పిల్ల పూర్తిగా దిగకుండా సగంలో ఉన్నప్పుడు ఇలా జరిగితే తల వెనక దెబ్బ తగులుతుంది. బరువైన సామాను సీటు కింది బుట్టలో పెట్టండి. ఆ బుట్టకూ ఒక పరిమితి ఉంటుంది, రెండు మూడు కిలోలకు మించి తీసుకునేవి తక్కువ.

అసలు కొత్తది కొనాలా అంటే, ఒకటి రెండు ట్రిప్పుల కోసమైతే ఖరీదైనది అక్కర్లేదు. ఏడు కిలోల లోపు బరువుండి, ఒంటిచేత్తో మడతపడి, వీపు వాలే సీటుండి, 22 కిలోలు మోసేది చాలు. పిల్లను నడుముకు కట్టుకునే హిప్ సీట్ క్యారియర్లు 20 కిలోల వరకు మోస్తాయని అమ్ముతారు. మోసేది గుడ్డ, నడుం మీది. నాలుగేళ్ల పిల్లతో అరగంటకు మించి కష్టం.

ఏ పార్కుకు ఏ లెక్క

రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే, నగరంలోకి చేరకముందే వస్తుంది. 1,666 ఎకరాల చోటు. సెట్లు చూపించడానికి లోపల బస్సులు తిప్పుతారు కాబట్టి మొత్తం నడిచే పని లేదు. కానీ బస్సు ఎక్కిన ప్రతిసారీ బండి మడవాలి, ఎత్తాలి. పది కిలోల పెద్ద బండి అక్కడ గుదిబండ అవుతుంది, గొడుగులా మడతపడే తేలికపాటిదే నయం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి వండర్‌లాలో సగం ఆట నీళ్లలోనే. ఆ భాగంలో బండికి పని లేదు. దాని అసలు ఉపయోగం పొడి రైడ్ల వైపు, భోజనం తర్వాతి నిద్రకు, ఇంకో విషయానికి కూడా. పెద్ద రైడ్లకు ఎత్తు నిబంధనలుంటాయి, అయిదేళ్ల పిల్లను ఎక్కనివ్వరు. అన్న ఎక్కి దిగేదాకా చెల్లెలు ఎక్కడో కూర్చోవాలి కదా. మన పార్కుల్లో స్ట్రోలర్లు అద్దెకు దొరుకుతాయని నమ్మి వెళ్లొద్దు. టికెట్లు కొనే ముందే ఫోన్ చేసి, అద్దెకు ఇస్తారా, ఎన్ని కిలోల వరకు, మన బండిని లోపలికి రానిస్తారా అని మూడు ప్రశ్నలూ అడగండి.

డిస్నీ వాళ్ల అమెరికా పార్కుల్లో 2019 మే 1 నుంచి కచ్చితమైన కొలతలున్నాయి. స్ట్రోలర్ వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించకూడదు. పిల్లల్ని కూర్చోబెట్టి లాక్కెళ్లే వ్యాగన్ బండ్లను రానివ్వరు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో అద్దెకిచ్చే సింగిల్ స్ట్రోలర్‌ను 50 పౌండ్ల లోపు పిల్లలకు, అంటే 22 కిలోల పైచిలుకు వరకు ఉద్దేశించారు. ఆరేళ్ల పిల్లలు కూడా చాలామంది పడతారు. గట్టి ప్లాస్టిక్ సీటు, వీపు వాలదు, నిద్రకు అంత సుఖం కాదు. దాన్ని గేటు దాటించనివ్వరు. రాత్రి బాణసంచా అయ్యాక, రోజు మొత్తంలో పిల్ల బాగా అలసిపోయిన వేళ, బస్సు దాకా మళ్లీ ఎత్తుకునే నడవాలి. అందుకే నాలుగైదు రోజులు తిరిగేవాళ్లకు సొంతది మేలు. గన్నవరం నుంచి బయల్దేరేటప్పుడు చెక్-ఇన్ కౌంటర్‌లోనే ట్యాగ్ వేయించుకుని, విమానం తలుపు దాకా తోసుకెళ్లి అప్పగించే వీలుందేమో మీ ఎయిర్‌లైన్స్‌ను ముందే అడగండి. పార్కు బస్సుల్లో మడవాల్సిందే. రైడ్ల క్యూలోకి మామూలుగా బండి రాదు, బయట స్ట్రోలర్ పార్కింగులో వదలాలి. అక్కడి సిబ్బంది చోటు కోసం బండ్లను జరుపుతుంటారు, మీరు పెట్టినచోట కనిపించకపోతే కంగారు పడొద్దు. హ్యాండిల్‌కు ఎర్ర జాకెట్ గుడ్డ ముక్కో, పసుపు రిబ్బనో కట్టుకుంటే వందల బండ్లలో మీది దొరుకుతుంది. పాస్‌పోర్టు, డబ్బు మాత్రం ఒంటి మీదే.

ఎండ, నీడ, గుడ్డ

మన బడి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. పార్కులకు వెళ్లేదీ అప్పుడే. నలభై డిగ్రీలు దాటే రోజుల్లో స్ట్రోలర్ నీడనిస్తుందని మొత్తం చున్నీతోనో, దుప్పటితోనో కప్పేస్తారు. ఇది ప్రమాదం. పొడిగుడ్డ కప్పితే గాలి ఆడక లోపల బయటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. చిన్నపిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి, బయటి వేడి శరీరానికంటే ఎక్కువున్నప్పుడు వాళ్లకు ఆ వేడి తొందరగా ఎక్కుతుంది. ముందు వైపు తెరిచి ఉంచి, బండికున్న హుడ్ మాత్రమే వాడాలి. పలచటి నూలుగుడ్డను తడిపి పిండి, గాలి ఆడేలా ఒక పక్కకే వేలాడదీసి, చిన్న బ్యాటరీ ఫ్యాను పెడితే చల్లబడుతుంది. గుడ్డ ఆరిపోతే మళ్లీ తడపాలి. పావుగంటకోసారి పిల్ల మెడ వెనక చేయి పెట్టి చూడండి. వేడిగా, ఎర్రగా ఉండి పిల్ల మందకొడిగా ఉంటే వెంటనే ఏసీ ఉన్నచోటికి వెళ్లాలి.

బండిలో కూర్చున్న పిల్లకు దాహం వేయదనుకుంటాం. ఇరవై, ముప్ఫయ్ నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు మీరే పట్టించాలి. ఓఆర్ఎస్ తీసుకెళ్తే పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, కొంచెం కొంచెంగా అందాజుగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ఉప్పేసిన పలచటి మజ్జిగ కూడా మంచిదే, పొద్దున కలిపింది మధ్యాహ్నం దాకా చల్లగా ఉంచే ఫ్లాస్కు ఉంటేనే.

రోజును ఇలా నడపండి: గేటు తెరిచాక మొదటి రెండు గంటలు పిల్ల నడవాలి, బండిలో సామాను వెళ్తుంది. పదకొండు తర్వాత రైడ్‌కూ రైడ్‌కూ మధ్య దూరాలకు బండి. భోజనం అయ్యాక నీడలో వీపు వాల్చి గంటన్నర నిద్ర. లేచాక మళ్లీ నడక. మెలకువగా ఉండగా గంట కాకముందే దింపడం మర్చిపోవద్దు. గుంపులో తోసేటప్పుడు ముందువాళ్ల మడమలకు చక్రం తగలకుండా రెండడుగుల ఎడం ఉంచండి.

ఆరేడేళ్ల పిల్లకు బండిలో కూర్చోవడం సిగ్గుగా ఉంటే బలవంతం చేయొద్దు. “అలిసిపోతే చెప్పు, ఉంది” అంటే చాలు, చాలామంది మధ్యాహ్నానికి వాళ్లే వచ్చి కూర్చుంటారు.

వయసుతో పనిలేని పిల్లలు

సెరెబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, గుండె జబ్బు, కీళ్లవాతం ఉన్న పిల్లలకు, జనసమ్మర్దం, చప్పుడు తట్టుకోలేని ఆటిజం పిల్లలకు పదేళ్లొచ్చినా స్ట్రోలర్ అవసరం కావచ్చు. వీళ్లలో చాలామందిని చూస్తే ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనిపించదు. పక్కవాళ్లు “ఇంత పిల్లకి బండా” అనేది ఎక్కువగా వీళ్ల అమ్మల్నే. దయచేసి అనకండి. డిస్నీ అమెరికా పార్కుల్లో గెస్ట్ రిలేషన్స్ అనే సహాయ కౌంటర్ దగ్గర పరిస్థితి చెబితే, స్ట్రోలర్‌ను వీల్‌చైర్‌గా పరిగణించే ట్యాగ్ కడతారు. దాంతో బండిని క్యూలోకి తీసుకెళ్లొచ్చు. లైను తప్పించుకోవడానికి ఇచ్చేది కాదది, లైనులో కూర్చునే వీలు కోసం. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పైన చెప్పిన వాటిలో చాలావరకు అందులో ఉన్నాయి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు ఉంటే ఫోన్లో ఫొటో కాకుండా కార్డునే దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట, ఇప్పటిదాకా ఏ జబ్బూ లేదనుకున్న పిల్లల గురించి. అయిదేళ్లు వచ్చినా తోటిపిల్లల వెంట నడవలేక ప్రతి చిన్న దూరానికీ ఎత్తుకోమంటే బండి కొని సరిపెట్టుకోవద్దు. రోజంతా ఆడాక రాత్రి రెండు కాళ్ల పిక్కలూ నొప్పి అని ఏడ్చి, పొద్దున్నే మామూలుగా లేచి పరుగెత్తితే అది పెరిగే వయసులో వచ్చే నొప్పే. ఒక్క కాలే ఎప్పుడూ నొప్పెడుతున్నా, కుంటుతున్నా, పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుంటున్నా, మునివేళ్ల మీద నడుస్తున్నా చూపించాలి. మగపిల్లల్లో ముఖ్యంగా గమనించాల్సింది నేల మీంచి లేచే తీరు. ముందు బోర్లా తిరిగి, చేతులూ కాళ్లూ నేలకానించి, తర్వాత ఒక్కో చేయీ మోకాలి మీద, తొడ మీద ఆనించుకుంటూ తనను తానే పైకి నెట్టుకుని లేస్తుంటే, పిక్కలు మామూలుకంటే లావుగా గట్టిగా ఉంటే, అది డుషేన్ అనే కండరాల జబ్బుకు గుర్తు కావచ్చు. మూడు నుంచి అయిదేళ్ల మధ్యే అది సాధారణంగా బయటపడుతుంది. అంగన్‌వాడీలకు, బడులకు పిల్లల ఆరోగ్యం చూడటానికి వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చెప్పినా, ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) పిల్లల విభాగానికి వెళ్లినా పరీక్షలు చేయిస్తారు. వెళ్లేటప్పుడు పిల్లాడు నేల మీంచి లేవడాన్ని, మెట్లెక్కడాన్ని ఫోన్లో వీడియో తీసుకెళ్లండి. ఆసుపత్రిలో భయపడి అమ్మ ఒళ్లోంచి దిగని పిల్లాడి గురించి డాక్టరుకు ఆ అర నిమిషం వీడియో చాలా చెబుతుంది.